బాబూనా అను సీమచేమంతి

తుంగభద్ర కుడిగట్టుననున్న సి.బెళగల్ ప్రాంతపు రైతులకు గట్లమీది గడ్డిచేమంతి చిరపరిచితము. యునానీ మందులంగళ్లలో బాబూనా యను పేర నమ్ము ఎండుపూవు దానికి దూరపు చుట్టము మాత్రమే. ఇంగ్లీషున దీనిని కామోమైల్ అందురు. నేలయాపిలు అని యర్థమిచ్చు గ్రీకుమాట దానికి మూలము. పూవును నలిపిన ఆపిలుపండు వాసన తోచును. అరబ్బీలో బాబూనజ్ అనునది పారశీకపు బాబూనా నుండి కలిగినది. ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథమగు కానూనులో దీనిని గూర్చి వ్రాసెను.

విత్తనము కొనకముందు మొక్కను గుర్తెఱుంగుట ముఖ్యము. బాబూనా ఆకు సోపుమొక్క ఆకువలె దారములుగా చీలియుండును. పూవునకు తెల్లని రేకులు, నడుమ పసుపుపచ్చని బొడిపె. ఆ బొడిపెను నిలువుగా కోసిచూచిన లోపల డొల్లగా నుండవలెను. గడ్డిచేమంతి ఆకు వెడల్పై నూగుతో గరుకుగా నుండును. వయ్యారిభామ ఆకు చీలియున్నను దాని పూలు మిక్కిలి చిన్నవి, పసుపు బొడిపె లేనివి. దానిని తాకిన కొందఱికి ఒళ్లంతయు దద్దురులు లేచును. కావున దానిని బాబూనా యనుకొని కాచిత్రాగుట ప్రమాదకరము.

ఎండుపూలను వేడినీట నానవేసి ఆ నీటిని కడుపుబ్బరమునకు త్రాగుదురు. పూలనుండి దించిన తైలము నీలిరంగుగా నుండుట వింత. ఆ రంగు పూవునందు లేదు, బట్టీలో ఆవిరివేడికి పుట్టును. చేమంతిజాతి పూలు పడనివారును, రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారును వైద్యుని యడుగక దీనిని పుచ్చుకొనరాదు.

ఉత్తరప్రదేశమున దీనిని శీతకాలపు పైరుగా పెంచుచున్నారు. చవుడునేలను సైతము కొంతవఱకు ఓర్చుకొనును. ఈ గుణమును విని మన చవుడుచెక్కలన్నిటను వేయ నుత్సహించుట తొందరపాటు. దీనికి చలి కావలెను. మనసీమలో చలి త్వరగా తరలిపోవును. నీటివసతి గల రెండుసెంట్ల మడిలో మొదట పరీక్షించుట మేలు. గ్రాము విత్తులో సుమారు పదివేల గింజలుండును గనుక ఇసుకతో కలిపి నారుమడిపై చల్లవలెను. వెలుతురున్నగాని మొలవవు, మన్ను కప్పరాదు. నెల దాటిన నారును అడుగు ఎడముగా నాటవలెను.

అసలు ఖర్చు పూకోత. పూలన్నియు ఒకేమాఱు విచ్చవు; కూలీలను పలుమాఱులు దింపవలెను. సుమారు అయిదు మణుగుల పచ్చిపూవు నీడన ఎండి ఒక మణుగగును. కొనువాని ధరను ఈ లెక్కతో సరిచూచుకొని, ఆపైని విత్తనము మాట తలపెట్టవలెను. కోయక విడిచిన పూలనుండి రాలిన గింజ మరుసటియేట కలుపుగా మొలచును.