మనస్సు పలుకని వేళ

కోనసీమలో కొత్తపేట ప్రాంతమున, వసిష్ఠా గౌతమీ పాయల నడుమ ర్యాలి గ్రామము కలదు. అచ్చట జగన్మోహినీ కేశవస్వామి ఏకశిలామూర్తి. ముందు శంఖచక్రధారియగు కేశవుడు, వెనుక కొప్పు ముడిచిన మోహిని. అర్చకులు దీపపు వెలుగున ఆ వెనుక రూపమును కూడ చూపుదురు. అది చూడక మరలినవారికి సగము దర్శనమే.

ఈ మూర్తిని తలచుకొనవలసిన సమయము గృహస్థులకు తరచు వచ్చును. నిత్యము తులసికోటకడ దీపము పెట్టు ఇల్లాలికి ఒకనాడు చేతులు కదలును గాని మనస్సు కదలదు. సహస్రనామము పెదవులపై సాగిపోవును, లోపల ఏమియు పలుకదు. అమలాపురము, రాజోలు ప్రాంతములలో పిల్లలు కువైటునకో హైదరాబాదునకో వెళ్లగా, కొబ్బరితోట నడుమ ఇంటిలో ఇద్దరే మిగిలిన దంపతులెందరో! ఫోనులో మనుమని మాట విన్నను సంతోషము కలుగనపుడు, తన గుండె రాయి యైనదేమో యని ఆ తల్లి భయపడును. దుఃఖమునకు కన్నీరైనను తోడుండును, ఈ శూన్యమునకు అదియు లేదు.

ఇది భక్తిలోపమని ఇరుగుపొరుగు వారు తేల్చివేయుట తొందరపాటు. భాగవతము ప్రథమస్కంధమున నారదుని పూర్వజన్మకథ కలదు. దాసీపుత్రుడగు ఆ బాలుడు, తల్లి పాముకాటున మరణింపగా అడవి చేరి, రావిచెట్టు క్రింద ధ్యానించెను. హరి హృదయమున తోచి, అంతలో మరుగయ్యెను. ఎంత యత్నించినను మరల కానరాలేదు. ఈ జన్మమున ఇక దర్శనము లేదనియు, ఒకమారు చూపుట కోరిక పెంచుటకే యనియు అశరీరవాణి పలికెను. బాలుడు ఆ చెట్టు క్రిందనే వేచియుండలేదు. నామములు పాడుకొనుచు భూమిపై సంచరించెను.

స్వామి తనకు వీపు చూపెనని తలచువారు ర్యాలిని స్మరింతురు గాక! అచ్చట వీపు వైపునను స్వామియే. కావున కన్నీరు రాలేదని పూజ మానరాదు, బలవంతముగ కన్నీరు తెచ్చుకొననూరాదు. నూరు నామములు బరువైనచో పది చాలును.

అయితే ప్రతి శూన్యమునకును విరహభక్తి యని పేరు పెట్టుట ప్రమాదము. వారముల తరబడి నిద్రాహారములు తప్పి, బ్రదుకుపై విరక్తి తోచినచో అది చికిత్సకు లొంగు వ్యాధి కావచ్చును. అట్టివారిని జాగు చేయక వైద్యుని కడకు కొనిపోవలెను. ఔషధము పుచ్చుకొనుట భగవంతునిపై అపనమ్మకము కాదు.

ఇంటివారి బాధ్యతయు కలదు. ఏమైనదని పదేపదే ప్రశ్నింపక, దీపముల వేళ ఆమె ప్రక్కన కూర్చుండి భర్తయే నాలుగు నామములు చదువవచ్చును. ఆమె ఆనాడు పెదవి కదపకున్నను సరే.