మూత్రము తెలుపు రోగభవిష్యత్తు

లండను నగరమందలి గైస్ ఆసుపత్రిలో రిచర్డు బ్రైటు అను వైద్యుడుండెను. ఒడలు నీరుపట్టి వచ్చిన రోగుల మూత్రమును చిన్న గరిటెలో పోసి, క్రొవ్వొత్తి మంటపై కాచి చూచుట ఆయన పద్ధతి. కొందరి మూత్రము గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టెడిది. అట్టివారు మరణించిన పిమ్మట చూడగా వారి మూత్రపిండములు చెడియుండెను. ఈ సంబంధమును ఆయన 1827లో ప్రకటించెను. మూత్రమున భాస్వరలవణములున్నను కాచినపుడు మబ్బు కమ్మును. కాని ఆమ్లపు చుక్క వేసినచో ఆ మబ్బు విరిగిపోవును, ఆల్బుమినుదైనచో నిలుచును.

మన మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రము వెలికి పంపుచున్నవి. ఆ జల్లెడ బాగుగా నున్నంతకాలము ఆల్బుమిను రక్తముననే నిలుచును. దినమునకు 30 మిల్లీగ్రాములకు లోపుగానే జారును. జల్లెడ చెడినకొలది జారుట హెచ్చును.

అయితే నీరు మెండుగా త్రాగినవాని మూత్రము పలుచనగును గదా, కొలత యెట్లు నమ్మవచ్చును? ఇందులకే క్రియాటినినుతో భాగించుట. కండరములనుండి పుట్టు నీ పదార్థము ఇంచుమించు ఒకే మోతాదున వెడలుచుండును. లీటరునకు ఆల్బుమిను 60 మిల్లీగ్రాములు, క్రియాటినిను అరగ్రాము ఉన్నచో నిష్పత్తి 120. నీటివలన రెండును సగమైనను, 30ని పావుగ్రాముతో భాగింపగా మరల 120యే. (కండ తరిగిన వృద్ధుల విషయమున నీ లెక్క కొంత హెచ్చుగా తోచునని మరువరాదు.) 30కి లోపు మేలు, 300 దాటినచో గండము. జ్వరమున, కఠినవ్యాయామానంతరమున తాత్కాలికముగా పెరుగును గాన, మూడు మాసములు నిలిచినగాని దీర్ఘరోగమనరు.

2010లో లాన్సెట్ పత్రికయందు లక్షమందికి మించినవారి వివరములు కూర్చి చూపిరి: రక్తపరీక్ష బాగుగా నున్నవారిలో సైతము నిష్పత్తి హెచ్చినకొలది మరణభయము హెచ్చుచుండెను. 2011లో టంగ్రి మొదలగువారు వయస్సు, స్త్రీపురుషభేదము, వడపోత వేగము, ఈ నిష్పత్తి అను నాల్గింటితో, రెండేండ్లలో గాని అయిదేండ్లలో గాని మూత్రపిండములు పూర్తిగా విఫలమగునేమో గణించు సూత్రమును కట్టిరి. ఇది జోస్యము వంటిదే, కాని తప్పింపదగిన జోస్యము: రక్తపోటునకిచ్చు కొన్ని మందులు ఈ కారుటను తగ్గించి వ్యాధిని నెమ్మదింపజేయును.

మన శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మాత్రము ఈ సూచి చాలదు. కవిటి, సోంపేట ప్రాంతముల కొబ్బరితోటల సీమలో మధుమేహము గాని రక్తపోటు గాని లేని కూలివారు పలువురు మూత్రపిండములు చెడి కృశించుచున్నారు. కారణ మింకను నిశ్చయముగా తేలలేదు. ఇచ్చట చెడునది ముఖ్యముగా జల్లెడ కాదు, దాని దిగువనున్న సూక్ష్మనాళములు. అందుచే ఆల్బుమిను చాలకాలము స్వల్పముగానే యుండును. ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిను వంటి చిన్న మాంసకృత్తులు జల్లెడను దాటినను, ఆరోగ్యమైన నాళములు వాటిని మరల పీల్చుకొనును. గాయపడినచో అవి మూత్రమున కనబడును. కిమ్-1 అనునది గాయపడిన నాళకణములనుండియే రాలును. వీటిపై పరిశోధకుల కాశ మెండు. కాని రోగగతి నూహించుటలో ఇవి పాత కొలతలకు కూర్చిన లాభ మింతవరకు స్వల్పమే. కావున ఉద్దానపు కూలివాని మూత్రమున ముంచిన పరీక్షపట్టీ పసుపుగానే యున్నదని యతనిని ఇంటికి పంపరాదు. రక్తములోని క్రియాటినినును గూడ చూడవలెను. అదియైనను, పిండముల శక్తి ఇంచుమించు సగము పోయినదాక స్పష్టముగా పెరుగదు.