తొప్పూరు ఘాటుకి టర్బో కిట్టు అవసరమా?

సేలంలో సగ్గుబియ్యం బస్తాలు ఎక్కించుకుని ధర్మపురి వైపు వచ్చే పాత చిన్న బండ్లకి తొప్పూరు ఘాటు దగ్గర దమ్ము అయిపోతుంది. గేరు దించుతూ, నల్లటి పొగ వదులుతూ, వెనక లారీల హారన్లు వింటూ ఎక్కాలి. అలా ఎక్కిన డ్రైవరు మర్నాడు మెకానిక్ షెడ్డుకి వచ్చి, "అన్నా, తక్కువ రేటులో టర్బో కిట్టు దొరుకుతుందంట కదా, తగిలించేద్దామా?" అని అడగడంలో తప్పేం లేదు. బండే అతని బతుకుతెరువు. కానీ అతనికి నా సలహా ఒకటే: టర్బో లేకుండా కంపెనీ నుంచి వచ్చిన బండికి బయటి కిట్టు పెట్టొద్దు.

టర్బో చేసే పని చిన్నదే. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజిన్‌లోకి గాలిని నెడుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అయితే గాలి ఎక్కువైనంత మాత్రాన బలం రాదు, దానికి తగ్గట్టు డీజిలు కూడా ఎక్కువ పడాలి. అంటే పంపు సెట్టింగ్ మార్చాలి. డీజిలు పెరిగితే వేడి, సిలిండర్‌లో ఒత్తిడి రెండూ పెరుగుతాయి. టర్బో లేని పాతరకం చిన్న డీజిల్ ఇంజిన్లలో కంప్రెషన్ నిష్పత్తి 22కి దగ్గరగా ఉంటుంది. కంపెనీయే టర్బోతో చేసే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో అది సాధారణంగా 17, 18 దగ్గరే ఉంటుంది. ముందే అంత గట్టిగా నొక్కే ఇంజిన్‌లోకి ఇంకా గాలి నెడితే హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు, లేదా పిస్టన్ కరగొచ్చు. 2005లో వచ్చిన టాటా ఏస్‌ని, మన ఊళ్లో అందరూ చిన్నయానై అనే బండిని చూడండి. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. దాని రేడియేటరు, క్లచ్చు, గేర్‌బాక్సు అన్నీ ఆ పదహారుకే లెక్క కట్టినవి. కిట్టు చవగ్గా రావచ్చు, దాని వెనకే వచ్చే ఇంజిన్ బోరు పని చవగ్గా రాదు.

కిట్టు అక్కరకొచ్చే చోట్లూ లేకపోలేదు. అమెరికా, కెనడా కొండల్లో మంచు మీద నడిపే స్నోమొబైళ్లకి టర్బో కిట్లు బిగించుకుంటారు. అక్కడ దానికి న్యాయమైన కారణం ఉంది. రెండు మూడు వేల మీటర్ల ఎత్తులో గాలి పలచబడి ఇంజిన్ బలం పాతిక శాతం దాకా పడిపోతుంది. పోయినదాన్ని టర్బో తిరిగి తెస్తుంది. స్నోమొబైల్ బ్రాండు స్కీడూ 2020 మోడల్‌కి స్వయంగా టర్బో పెట్టినప్పుడు కూడా, దాదాపు 2,400 మీటర్ల ఎత్తు దాకా అదే 165 హార్స్‌పవర్ నిలబెట్టడమే లక్ష్యంగా పెట్టుకుంది. ధర్మపురి ఎత్తు 470 మీటర్లకి అటూ ఇటూ. ఇక్కడ పలచటి గాలి వల్ల పోయే బలం ఐదు శాతం లోపే. మీ బండి అంతకన్నా ఎక్కువ నీరసపడిందంటే రోగం గాలిలో లేదు, బండిలో ఉంది.

ఆ రోగం ముందు పట్టుకోండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పి బోర్లా ఆ రంధ్రం మీదే పెట్టండి. మూత కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడితే, పొగ బుసకొడుతూ వస్తుంటే, రింగులు అరిగి కంప్రెషన్ కిందికి దిగిపోతోందన్నమాట. అలాంటి ఇంజిన్‌కి టర్బో పెడితే ఆయిల్‌ని బయటికి తన్నేస్తుంది. మూత పరీక్షలో బాగుంటే ఎయిర్ ఫిల్టర్ చూడండి. పాలక్కోడు చుట్టుపక్కల మట్టిరోడ్ల మీద తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే ఫిల్టర్ మార్చాలి. తర్వాత నాజిళ్లు పంపు షాపులో టెస్ట్ చేయించండి, ట్యాపెట్లు సెట్ చేయించండి. చాలామంది వదిలేసేది ఒకటుంది: జాకీ వేసి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడటం. బ్రేక్ పట్టేసిన చక్రం ఒక్కటున్నా ఘాటులో మీ డీజిలంతా అదే తినేస్తుంది. ఇవన్నీ అయ్యాక, లోడు. ఏస్‌కి కంపెనీ చెప్పింది ముప్పావు టన్ను. టన్నున్నర వేసి బండి లాగడం లేదంటే దానికి ఏ కిట్టూ లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండి ఏటా ఫిట్‌నెస్ పరీక్షకి (ఎఫ్‌సీ) వెళ్లాల్సిందే, అక్కడ కిట్టు బయటపడొచ్చు. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు బానెట్ ఎత్తితే క్లెయిమ్‌కి ఎసరు వస్తుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే, ఎందుకంటే క్లెయిమ్ రాకపోతే చేసే అప్పు ఇంట్లో ఆడవాళ్ల మెడలోని బంగారం దాకా వెళ్తుంది.

టమాటా లోడు వాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. పాలక్కోడు మండీ నుంచి సేలం వెళ్లేటప్పుడు మీరు తొప్పూరు ఘాటు ఎక్కరు, దిగుతారు. నిండు లోడుతో దిగి, చాలాసార్లు ఖాళీగానో సగం లోడుతోనో ఎక్కుతారు. దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడేది టర్బో కాదు, బ్రేక్ లైనింగు, డ్రమ్ము, తక్కువ గేరు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకు మీద పడుతుంది, డ్రమ్ములు కాలి బ్రేకు చచ్చిపోతుంది. ఆ ఘాటులో ఎన్ని ప్రాణాలు అలా పోయాయో ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. కిట్టుకని దాచిన డబ్బులో మొదటి వాటా బ్రేకులకి పెట్టండి. వత్తల్‌మలై కొండరోడ్డు తిరిగేవాళ్లకీ ఇదే మాట.

రోజూ లోడుతో ఎక్కక తప్పని వాళ్లు కంపెనీ టర్బోతో వచ్చిన బండికి మారడమే దారి. ముద్ర రుణం తరుణ్ విభాగం కింద పది లక్షల దాకా ఉంది. ఆ రుణం సక్రమంగా తీర్చినవాళ్లకి 2024 నుంచి ఇరవై లక్షల దాకా పెంచారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే టర్బో ముందు హోసు విప్పించి, లోపలి చక్రం నట్టు వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కకి వెంట్రుకవాసి కదలొచ్చు. లోపలికీ బయటికీ ఆడితే, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనిపిస్తే, ఆ టర్బో ఖర్చు ధరలో తగ్గించమనండి. కొన్నాక ఘాటు ఎక్కి ఆగిన వెంటనే తాళం తిప్పకండి. నిమిషమో రెండు నిమిషాలో ఐడిల్‌లో వదలండి. నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరిగే ఇరుసు అది. వేడిగా ఉండగానే ఆయిల్ ఆగిపోతే, లోపల మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడి బేరింగుని తినేస్తుంది.

ఇక షెడ్డులో పనిచేసే తమ్ముళ్లకి. కిట్టు బిగిస్తే ఆ ఒక్కరోజు కూలీ బాగానే వస్తుంది, కానీ ఇంజిన్ పోయినప్పుడు ఓనరు వచ్చేది మీ దగ్గరికే. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్ 6 డీజిల్ బండ్లలో చాలావాటికి టర్బోతోపాటు పొగ వడకట్టే ఫిల్టరు, సెన్సర్లు వస్తున్నాయి. వాటికి స్కానర్ పెట్టి తప్పు కనిపెట్టగలిగినవాడికి కూలీ వేరు. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడు ఏడాదే. అది అయినవాళ్లు ముందు స్కానర్ ఉన్న షెడ్డులో చేరండి, జీతం కాస్త తక్కువైనా సరే.