ట్రాక్టరు బ్యాటరీ – విద్యుత్ సంరక్షణ

తెలుగు రైతు సేద్యాన్ని రెండు మాటలతో కొలుస్తాడు. ఒకటి అదను, రెండవది పదును. విత్తడానికి తగిన కాలం అదను. విత్తనాన్ని స్వీకరించడానికి తగిన నేలతడి పదును. ఈ రెండూ కూడివచ్చే రోజులు ఏడాదిలో కొన్ని మాత్రమే. అట్టి రోజున ట్రాక్టరు కదలకపోతే నేల ఆరిపోతుంది, కూలీలు తిరిగిపోతారు, విత్తనానికి వెచ్చించిన ధనం నిరుపయోగమవుతుంది. ఇంతటి నష్టానికి పెద్ద యంత్రలోపమే కారణం కానక్కరలేదు. ముందునాటి రాత్రి ఆర్పడం మరచిన ఒక దీపం చాలు.

పూర్వం ట్రాక్టరు బ్యాటరీకి ఉన్న పని స్వల్పం. ఇంజనును కదిలించడం, దీపాలను వెలిగించడం, హారను మోగించడంతో దాని బాధ్యత తీరేది. నేడు పరిస్థితి మారింది. లేజరు సాయంతో నేలను చదును చేసే పరికరం, విద్యుత్ పంపుతో మందు చల్లే స్ప్రేయరు, గింజలు సరిగా జారుతున్నవో లేదో తెలిపే సెన్సర్లు, ఉపగ్రహ సంకేతాలతో దారి చూపే సాధనాలు ట్రాక్టరు బ్యాటరీ నుండే శక్తిని గ్రహిస్తున్నాయి. ఆదాయం పెరగకుండానే వ్యయం పెరిగిన కుటుంబం వంటిది దాని స్థితి.

ట్రాక్టర్లలో సాధారణంగా ఉపయోగించేది సీస-ఆమ్ల బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెం పైగా విద్యుత్తునిస్తుంది. సీసపు పలకలకు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లానికి మధ్య జరిగే రసాయన చర్యయే ఈ శక్తికి మూలం.

దీని పనితీరును ఊరి చెరువుతో పోల్చి గ్రహించవచ్చు. ఇంజను తిరుగుతున్నప్పుడు విద్యుత్తును పుట్టించే ఆల్టర్నేటరు చెరువును నింపే వాగు వంటిది. దీపాలు, పంపులు నీటిని తోడుకునే తూములు. నిండిన తరువాత అధికంగా చేరకుండా కాపాడే రెగ్యులేటరు అలుగు వంటిది. ఇంజను ఆగితే వాగు ఎండినట్లే. ఇంజను మందగతిలో తిరిగినా ఆల్టర్నేటరు ఇచ్చే విద్యుత్తు తక్కువే. కాబట్టి ఇంజను నడుస్తున్నదన్న ధీమాతో అన్ని పరికరాలనూ ఒకేసారి వాడితే, తెలియకుండానే నిల్వ తరిగిపోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 12 వోల్టుల, 80 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒకటి ఉన్నదనుకుందాం. 55 వాట్ల దీపాలు రెండు వెలిగితే సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. దానికి తోడు 5 ఆంపియర్లు తీసుకునే పంపు నడిస్తే మొత్తం 14. ఇంజనును ఆపి వీటిని వాడితే మూడు గంటలు గడవకముందే నిల్వలో సగం ఖర్చవుతుంది. నిల్వ సగానికి దిగకుండా చూడడం మంచిది. ఇంజనును కదిలించే స్టార్టరుకు కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు అవసరమన్న సంగతిని మరువరాదు. పైగా, నిల్వ ఉడిగిన స్థితిలో బ్యాటరీని వదిలివేస్తే పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి, మరల నిండే శక్తిని హరిస్తుంది.

తీగల విషయంలోనూ శ్రద్ధ అవసరం. సన్నని పొడవైన తీగలలో వోల్టేజి పడిపోతుంది. అప్పుడు పంపు వేగం తగ్గి, మందు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా పడుతుంది. దీపాల తీగకే పంపును కలపడం తగదు. తగినంత మందమైన తీగను ఫ్యూజుతో సహా వేరుగా అమర్చాలి. తాళంచెవి తీయగానే పరికరాలన్నీ ఆగేటట్లు రిలే ఏర్పాటు చేస్తే మరపువల్ల కలిగే నష్టం తప్పుతుంది.

వేసవి వేడిమికి బ్యాటరీలోని నీరు తరుగుతుంది. మూతలు తీసే రకమైతే పలకలు మునిగేటట్లు స్వేదనజలాన్ని మాత్రమే పోయాలి. బావినీటిలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి. టెర్మినళ్లపై పేరుకున్న పొడిని తుడిచి, వాజిలైన్ పూయాలి. విప్పేటప్పుడు రుణ టెర్మినలును ముందుగా, బిగించేటప్పుడు చివరగా తాకాలి. పని లేని మాసాలలో ఆ తీగను విప్పి ఉంచి, నెలకొకసారి చార్జి చేయడం మేలు. బలం తెలుసుకోవడానికి పానాతో రెండు టెర్మినళ్లనూ కలిపి నిప్పురవ్వ చూసే అలవాటు మిక్కిలి ప్రమాదకరం. చార్జింగు వేళ వెలువడే హైడ్రోజన్ ఆ రవ్వకు అంటుకుని బ్యాటరీ పేలవచ్చు. ఆమ్లం కన్నులలో పడవచ్చు.

ఆయువు తీరిన బ్యాటరీ కూడా చెత్త కాదు. అందులోని సీసం విషపదార్థం. అది నేలలో, నీటిలో కలిస్తే పిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలుగుతుంది. పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచుతూ కేంద్ర ప్రభుత్వం 2022లో నియమాలు ప్రకటించింది. పాతదానిని దుకాణానికే అప్పగించడం రైతు వంతు కర్తవ్యం.

నీటిని పొదుపుగా వాడడం రైతుకు తరతరాలుగా తెలిసిన విద్య. కంటికి కనిపించని విద్యుత్తుకూ ఆ విద్యనే వర్తింపజేయడం నేటి అవసరం.

ప్రశ్నలు

1. రచయిత బ్యాటరీని చెరువుతో ఏ విధంగా పోల్చాడు?
2. తీగల ఎంపికలో అశ్రద్ధ చేస్తే పైరుపై దాని ప్రభావం ఎట్లా ఉంటుంది?
3. మీ ప్రాంతంలో పాత బ్యాటరీలను ఏం చేస్తున్నారో తెలుసుకొని రాయండి.