క్యాన్సర్‌కు గురిమందులు – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

“పక్క మంచం ఆయనకు మాత్రలతోనే సరిపెడుతున్నారు, మా నాన్నకు కీమో ఎందుకు సిస్టర్?” అని చాలామంది అడుగుతుంటారు. ఇద్దరిదీ కడుపులో గడ్డే కావచ్చు. కానీ గడ్డల స్వభావం వేరు.

గురిమందు అంటే ఏమిటి?
కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పనిచేస్తుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. గురిమందు, క్యాన్సర్ కణాన్ని పెంచుతున్న ఒక ప్రత్యేకమైన ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. ఆ గురి మీవారి గడ్డలో లేకపోతే, ఎంత ఖరీదైన మందైనా డబ్బు దండగే.

ముందు ముక్కపరీక్ష
• ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉంటే కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇస్తారు.
• ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌లో రాస్ జన్యువు మారి ఉంటే సెటుక్సిమాబ్ పనిచేయదు.
• జిస్ట్ అనే గడ్డకు మామూలు కీమో అంతగా పనిచేయదు. చాలామందికి ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుంది.
ఈ పరీక్షలకు బయాప్సీ బ్లాకు అవసరం. రిపోర్టుతో పాటు దాన్నీ భద్రపరచండి.

ఇమాటినిబ్ వాడేవారికి
అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో మాత్ర వేయించండి. కళ్ల చుట్టూ వాపు, వాంతులు, విరేచనాలు, కండరాలు పట్టెయ్యడం ఉండవచ్చు. ఆయాసం, ఉన్నట్టుండి బరువు పెరగడం, నల్లటి విరేచనం, జ్వరం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. డాక్టరుకు చెప్పకుండా నాటుమందులు కలపవద్దు.

“బాగానే ఉన్నాడు కదా” అని మాత్ర మానకండి
వ్యాపించిన గడ్డను ఈ మందు చాలాసార్లు అదుపులో ఉంచుతుందే గాని, పూర్తిగా తీసివేయడం అరుదు. మానేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఈ మందుతో ఎంతవరకు ఆశించవచ్చో డాక్టరునే సూటిగా అడగండి. అడగడం తప్పు కాదు.

ఖర్చు సంగతి
ఇమాటినిబ్ పేటెంటు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు విదేశీ కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది. మన దేశపు కంపెనీలు చేసే మాత్రలు చాలా తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో సహాయ కేంద్రంలో కనుక్కోండి. డబ్బుకు ఇబ్బందైతే మాత్రలు అయిపోకముందే మాకు చెప్పండి. రోజు విడిచి రోజు వేసి సర్దుకోవద్దు.