తేలాబీబు ఏ దిన్నె?

ప్రశ్న: యెహెజ్కేలు 3:15లోని తేలాబీబుకు అర్థమేమిటి? నేటి టెల్ అవీవ్ అదేనా? – ఒక పాఠకుడు, గార్లదిన్నె

జవాబు: మీ ఊరి పేరులోని దిన్నెకు హీబ్రూలో దగ్గరి మాట ‘తేల్’, అంటే పాత ఊళ్లు కూలి, ఆ మట్టి పేరుకుని లేచిన దిబ్బ. ‘ఆబీబ్’ అంటే పచ్చి యవల వెన్ను. రెండూ కలిపి ‘వెన్నుల దిన్నె’ అని చెబుతుంటారు. కానీ పేరు పుట్టుక అది కాదనే నా నిర్ణయం. ఆ చోటు బబులోను దేశంలో, కెబారు నది ఒడ్డున ఉంది. అక్కడి అక్కాడియన్ భాషలో ‘తిల్ అబూబి’ అంటే వరద ముంచిన దిబ్బ. శత్రువుల పట్టణాలను అలా చేశామని అస్సీరియా రాజులు శాసనాల్లో చెప్పుకున్నారు, కాబట్టి ఇది మనం ఊహించి కట్టిన మాట కాదు. చెరలోని యూదులే తమ భాషలో పేరు పెట్టుకుని ఉండవచ్చు కదా అని ఆక్షేపించవచ్చు. అలాగైతే రెండు భాషల శబ్దాలు ఇంత దగ్గరగా కలవడం కాకతాళీయం అనుకోవాలి, అది నమ్మడం కష్టం. పైగా ఎజ్రా 2:59లో చెర నుంచి తిరిగొచ్చినవారి ఊళ్లలోనూ తేల్మెలహు, తేల్హర్షా కనిపిస్తాయి. పాడుదిబ్బల మీదే వాళ్లకు చోటిచ్చారని తోస్తుంది. ఆ నాశనపు పేరులో వాళ్లు పంటను విన్నారు. ఈ పేరులో నన్ను కదిలించేది అదే.

నేటి టెల్ అవీవ్ వేరు, మధ్యధరా తీరంలోది. జియోనిస్టు నాయకుడు హెర్జల్ 1902 నాటి నవలను హీబ్రూలోకి తెచ్చిన నహూమ్ సోకొలోవ్ తన అనువాదానికి ఈ పేరు పెట్టాడు. ఆ తీరంలో 1909లో మొదలైన కాలనీ 1910లో దాన్ని స్వీకరించింది.