షుగర్ ఒకటే, స్వభావాలు వేరు

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. వారిలో అత్యధికులది రెండో రకం. చాలామందికి మొదట రాసే బిళ్ల మెట్‌ఫార్మినే. అయినా ఒకే వీధిలో ఉంటూ ఒకే డాక్టరుకు చూపించుకునే ఇద్దరిలో ఒకరికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంటే, మరొకరికి 10 దాటుతుంది. డబ్బు, తిండి, జబ్బు ముదిరిన తీరుతోపాటు ఇందులో మనిషి స్వభావానికీ పాలు ఉంది.

మనస్తత్వ శాస్త్రం స్వభావాన్ని ఐదు లక్షణాలుగా చూస్తుంది: క్రమశిక్షణ, ఆందోళన, కలుపుగోలుతనం, మెతకదనం, కొత్తదనంపై ఆసక్తి. ఐదూ అందరిలోనూ ఉంటాయి, పాళ్లే తేడా. క్రమశిక్షణ ఎక్కువున్నవారు మందులు వేళకు వేసుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. ఆందోళనపరులు కొందరు రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుంటారు, కొందరు భయంతో పరీక్షకే రారు. మెతక మనిషికి వేరే చిక్కు. పెళ్లివారింట ఖీర్ కప్పు చేతిలో పెడితే వద్దనలేడు. అతనికి డైట్ చార్టు ఇచ్చి ఏం లాభం? కాదనే మాట ముందు నేర్పాలి.

అసలు పరీక్ష రంజాన్‌లో. 2001లో 13 దేశాల్లో జరిగిన ఎపిడియార్ అధ్యయనంలో రెండో రకం షుగర్ ఉన్నవారిలో దాదాపు 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. వారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలలకంటే దాదాపు ఏడున్నర రెట్లు పెరిగింది. ఇక్కడ క్రమశిక్షణే ఎదురు తిరుగుతుంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా మగ్రిబ్ దాకా ఓర్చుకునేది నిష్ఠాపరులే. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని డాక్టర్ల సూచన. రోగులకు మినహాయింపు సూరా అల్ బఖరాలోనే ఉంది. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా చెడదని ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. ఈ మాట మాకంటే ఇమామ్ సాహెబ్ చెబితేనే వారు వింటారు.

దాతలకు మా మనవి. గ్లూకోమీటర్లు, స్ట్రిప్పులు అవసరమే. కానీ అందరికీ ఒకే కరపత్రం పంచి పంపేయడం బడిలో నలభై మందికి ఒకే పాఠం అప్పజెప్పినట్టే. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వైద్యుణ్ణి కలవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. నర్సీపట్నంలో మన శిబిరం ఆ రోజుల్లోనే పెట్టి, ఒక్కొక్కరితో పావుగంట కూర్చుని మాట్లాడే ఇద్దరు మనుషుల ఖర్చు మీరు భరించగలిగితే, భయస్తుడికి వారానికో ఫోను, మెతక మనిషి ఇంటివాళ్లకు నాలుగు మాటలు, నిష్ఠాపరుడికి ఇమామ్ సాహెబ్ దగ్గర కూర్చునే వీలు కల్పించవచ్చు.